ముందు పైపు, తర్వాతే స్విచ్: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

విశ్వవిద్యాలయంలో కొత్త నెట్‌వర్క్ బ్యాక్‌బోన్ (భవనాలన్నిటినీ కలిపే ప్రధాన మార్గం) మాట వచ్చినప్పుడల్లా చర్చ ఏ కంపెనీ స్విచ్ (కంప్యూటర్లను నెట్‌వర్క్‌కు కలిపే పరికరం) కొనాలి, సెకనుకు ఎన్ని గిగాబిట్ల వేగమున్నది కొనాలి అన్న దగ్గరే మొదలవుతుంది. గోదావరి డెల్టా ప్రాంగణాల్లో ఈ పని మీదే ఉద్యోగ జీవితమంతా గడిపిన ఇంజినీరుగా నా మనవి ఒక్కటే. భూమిలో వేసే పైపు, అందులో నడిచే ఫైబర్ (కాంతి రూపంలో డేటా మోసే సన్నని గాజు పోగు) సంగతి ముందు తేల్చండి. వాటికి విడిగా టెండరు పిలిపించండి.

స్విచ్ ఏడెనిమిదేళ్లకు పాతబడుతుంది. శ్రద్ధగా వేసిన ఫైబర్ పాతికేళ్లయినా పనిచేస్తుంది. ఈథర్‌నెట్ అనే నెట్‌వర్క్ పద్ధతిలో గిగాబిట్ ప్రమాణం 1998లో వచ్చింది. 2002లో 10 గిగాబిట్లు, 2010లో 40, 100, 2017లో 200, 400 గిగాబిట్లు వచ్చాయి. వేగం ఇన్ని రెట్లు పెరిగినా సింగిల్ మోడ్ ఫైబర్‌ను (కాంతి ఒకే దారిలో సాగే, ఎక్కువ దూరాలకు పనికొచ్చే రకం) తవ్వి తీయాల్సిన అవసరం రాలేదు, రెండు కొసల్లో మాడ్యూళ్లు (విద్యుత్ సంకేతాన్ని కాంతిగా మార్చే చిన్న పరికరాలు) మార్చుకుంటే సరిపోయింది. మల్టీమోడ్‌కు (కాంతి పలు దారుల్లో సాగే, తక్కువ దూరాలకు వాడే రకం) ఆ వెసులుబాటు లేదు. అందులో ఓఎం3 రకం మీద 10 గిగాబిట్లు 300 మీటర్లు వెళ్తాయి. వేగం 100 గిగాబిట్లకు పెంచితే మామూలుగా వాడే ఎస్ఆర్4 మాడ్యూల్‌తో 70 మీటర్లే. పరిపాలనా భవనం నుంచి హాస్టల్ దాకా కూడా అది చాలదు. మాడ్యూళ్లు చవకగా వస్తాయని భవనాల మధ్య మల్టీమోడ్ వేయాలనే ప్రతిపాదన మీ ముందుకు వస్తే, దయచేసి తిప్పిపంపండి.

ఇక మా నేల. రేగడి ఎండాకాలం బీటలు వారుతుంది, వానలకు ఉబ్బుతుంది. పల్లపు చోట్ల వర్షాకాలంలో కొద్దిగా తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. ఒక ప్రాంగణంలో శ్రావణం వానలకు నెట్‌వర్క్ వస్తూ పోతూ ఉంటే ఛాంబర్ (కేబుళ్లు కలిసే భూగర్భ గుంట) మూత తీయించాం. పైదాకా బురదనీరు. మోటారు పెట్టి తోడితే అడుగున జాయింట్ బాక్స్ కనిపించింది. దాని రబ్బరు సీలు సరిగా కూర్చోలేదు, ఒక బోల్టు అసలు బిగించనే లేదు. పక్కనే పైపు మూతిని మూయకుండా వదిలేశారు. ఆ దారిన పందికొక్కు వచ్చి, కేబుల్ పైతొడుగును లోపలి సన్నని గొట్టాలు బయటపడేలా కొరికేసింది. అక్కడి స్విచ్‌లు మాత్రం చాలా ఖరీదైనవి, వాటిలో ఏ లోపమూ లేదు.

మొత్తం పనికి ఒకటే టెండరు పిలవడం వల్ల ఈ దుస్థితి వస్తోంది. అందరికంటే తక్కువ ధర వేసి పని దక్కించుకున్న కాంట్రాక్టరు ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించుకోవాలి. స్విచ్ మోడల్ కాగితం మీద రాసి ఉంటుంది కాబట్టి అక్కడ కుదరదు. మట్టి కింద అడిగేవారు లేరు. మీటరు లోతు అన్నది అడుగున్నర అవుతుంది, గట్టి పైపు స్థానంలో పలుచటిది వస్తుంది.

అందుకే ప్రతి పోగుకూ రెండు వైపుల నుంచీ ఓటీడీఆర్ పరీక్ష (ఫైబర్‌లోకి కాంతి పంపి, వెనక్కి వచ్చేదాన్ని బట్టి లోపాలు పట్టేది) చేయించి, ఆ నివేదిక అందాకే బిల్లు చెల్లించాలి. ఎన్నో మీటరు దగ్గర అతుకు ఉందో, అక్కడ ఎంత కాంతి పోతోందో ఆ గ్రాఫులో తెలిసిపోతుంది. చక్కగా వేసిన అతుకులో నష్టం 0.1 డెసిబెల్ దాటదు. మా ప్రాంతానికి మరో షరతు కూడా పెట్టండి. సొమ్ములో కొంత భాగం ఆపి, ఒక వానాకాలం గడిచాక అదే పరీక్ష మళ్లీ చేసి అప్పుడు ఇవ్వాలి. నాసిరకం పనిని మా వానలే బయటపెడతాయి.

ప్రతి ప్రధాన భవనానికీ రెండు దారుల్లో ఫైబర్ రావాలి. ఒకే గోతిలో రెండు కేబుళ్లు వేసి రెండు దారులని లెక్క చూపిస్తుంటారు, పొక్లెయిన్ ఒక్క దెబ్బకు రెండూ తెగుతాయి. భవనాల మధ్య రాగి తీగ అసలు వద్దు. ఒక చోట పిడుగు పడితే ఆ తీగ వెంటే రెండో భవనంలోని పరికరాలూ మాడిపోతాయి. ఫైబర్‌కు ఆ భయం లేదు, కానీ కేబుల్‌కు ఉక్కు కవచం ఉంటే దానికి ఎర్తింగ్ తప్పనిసరి. 1986 వరదలు, 1996 నవంబరు తుపాను చూసిన ప్రాంతం మాది. కోర్ స్విచ్‌లు (నెట్‌వర్క్ అంతటికీ కేంద్రంగా ఉండేవి) రెండూ వేర్వేరు భవనాల్లో, మేడ మీద గదుల్లో ఉండాలి. ఇప్పటికీ వాటిని మెట్ల కింద గదిలో పెట్టే ఆలోచనలు చేస్తున్నారంటే నాకు బాధగా ఉంటుంది.

స్విచ్‌ల ఎంపికలో నేను మొదట చూసేది కింది అంచెల నుంచి పైకి వెళ్లే లింకులనే. ధవళేశ్వరంలో ఎంత నీరు వదిలినా పిల్లకాలువ పూడిపోతే శివారు చేనుకు తడి అందదు. 48 గిగాబిట్ పోర్టులున్న స్విచ్‌కు పైకి ఒకే ఒక్క గిగాబిట్ లింకు ఇస్తే 48 మంది వాటా ఒక్క దారిలో ఇరుక్కుంటుంది. అదే రెండు 10 గిగాబిట్ లింకులిస్తే, కింది పోర్టుల మొత్తం వేగానికీ పై లింకుల వేగానికీ ఉన్న నిష్పత్తి 48 నుంచి 2.4కు దిగుతుంది. ఒక టెరాబైట్ పరిశోధన డేటా గిగాబిట్ లింకు మీద వెళ్లడానికి, అది పూర్తిగా ఖాళీగా ఉన్నా, రెండు గంటల పైన పడుతుంది. 10 గిగాబిట్ల మీద పావుగంట లోపే. విద్యా, పరిశోధన సంస్థలను కలిపేందుకు కేంద్రం 2010లో ఆమోదించిన జాతీయ విజ్ఞాన నెట్‌వర్క్ గేటు దాకా గిగాబిట్ లింకు తెచ్చి ఇచ్చినా, ప్రయోగశాల బల్ల దగ్గర విద్యార్థికి అందేది లోపలి దారిని బట్టే ఉంటుంది.

స్పెసిఫికేషన్లను ఒక కంపెనీ బ్రోషర్ చూసి దించకూడదు. ఇతర కంపెనీల ఫైబర్ మాడ్యూళ్లను అంగీకరించని స్విచ్‌ను తీసుకుంటే, ఆ తర్వాత ప్రతి మాడ్యూల్‌కూ వాళ్లు చెప్పిందే ధర. ఏటా లైసెన్స్ రుసుము కట్టకపోతే సగం సదుపాయాలు ఆగిపోయే పరికరాలూ ఉన్నాయి. కాబట్టి ఐదేళ్ల నిర్వహణ, లైసెన్సులు, మాడ్యూళ్లు కలిపి ధర పోల్చాలి. ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి) పూర్తిగా ఉండాలి. పని అప్పగించే రోజునే పాస్‌వర్డులు, ఫైబర్ దారుల మ్యాపు విశ్వవిద్యాలయం చేతికి రావాలి. రేపు ఆ నెట్‌వర్క్‌ను నడిపే సిబ్బందిని టెండరు రాసే కమిటీలో కూర్చోబెట్టండి. రాత్రి రెండు గంటలకు ఫోను మోగేది వాళ్లకే.

డెల్టాలో తవ్వకం పని సవ్యంగా సాగేది దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసే వేసవిలోనే. కాలువ దాటించాల్సిన పైపులకైతే మరో అదను లేదు. అప్పటికి కాంట్రాక్టు ఖరారు కావాలంటే పైపు, ఫైబర్ టెండరును సంక్రాంతిలోపే పిలవాలి. స్విచ్‌ల టెండరుకు ఆ తర్వాత కూడా కావలసినంత సమయం ఉంటుంది. ఈ మేరకు డెల్టాలోని విశ్వవిద్యాలయాలకు ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన నెట్‌వర్క్ ఇంజినీరు,
అమలాపురం