చక్కెర మానేస్తే కణితి మాడదు

సంపాదకుడు గారికి,

'క్యాన్సర్ కణాలు చక్కెర మీదే బతుకుతాయి, చక్కెర, పిండిపదార్థాలు మానేస్తే కణితి ఆకలికి చస్తుంది' అనే సలహా ఫోన్లలో తెగ తిరుగుతోంది. మా నాన్నగారికి జబ్బు చేసినప్పుడు మేమూ నమ్మాం. అప్పటికే బక్కచిక్కుతున్న మనిషి ముందు నుంచి ఉన్న కాస్త తిండీ తీసేశాం. మూడు నెలల్లో ఆయన బెల్టుకు మేకు కాల్చి రెండు కొత్త బెజ్జాలు పెట్టాల్సి వచ్చింది.

సలహాలో మొదటి సగం నిజమే. కణితి గ్లూకోజును విపరీతంగా లాక్కుంటుందని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. గ్లూకోజు ఎక్కడ ఎక్కువగా పోతోందో చూపే పెట్ స్కాన్‌లో కణితి వెలిగి కనిపించేదీ అందుకే. చిక్కంతా రెండో సగంతోనే. మనం తినకపోయినా గ్లూకోజు ఆగదు, కాలేయం తయారుచేస్తుంది. దేంతో అంటే, కండలు కరగ్గా వచ్చిన అమైనో ఆమ్లాలతో! గ్లూకోజు వాడుకున్నాక కణితి వదిలేసే లాక్టేట్ అనే పదార్థాన్ని కూడా కాలేయమే మళ్లీ గ్లూకోజుగా మారుస్తుంది. ఒక్కో గ్లూకోజు అణువు నుంచి కణితికి దక్కేది రెండు ఏటీపీలు (కణాలు శక్తిగా ఖర్చుపెట్టే అణువులు). దాన్ని తిరిగి తయారుచేయడానికి కాలేయానికి అయ్యే ఖర్చు ఆరు. మరోపక్క ఒంట్లో రేగే వాపు ప్రక్రియ, అంటే ఇన్‌ఫ్లమేషన్ వల్ల కండరాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. రక్తంలో గ్లూకోజు ఉన్నా వాటికి చాలినంత అందదు. ఇలా చిక్కిపోవడం కేవలం 'తినకపోవడం వల్ల వచ్చిన నీరసం' కాదు, జబ్బే కండను కరిగించేసే కెకెక్సియా అనే వేరే సమస్య. ఆకలి చచ్చిపోవడం కూడా ఇందులో భాగమే. ఇది తెలియక 'మొండితనం' అని నాన్నను ఎన్నిసార్లు కసిరామో.

ఆరు నెలల్లో బరువు 5 శాతానికి మించి తగ్గితే దీన్ని అనుమానించాలని 2011లోనే అంతర్జాతీయ నిపుణులు తేల్చారు. మామూలు పోషకాహారంతోనే ఇది పూర్తిగా తగ్గదనీ చెప్పారు. అలాగని కడుపు మాడ్చమని కాదు. కిలో బరువుకు రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల ప్రోటీన్ అందాలని యూరప్ మార్గదర్శకాలు అంటున్నాయి. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు, అది డాక్టర్ చెప్పాల్సిందే.

దీన్ని ముందే పసిగట్టడానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు, బరువు తూచే మిషన్ చాలు. క్యాన్సర్ రోగి వచ్చిన ప్రతిసారీ బరువు రాయాలి, తగ్గుతుంటే అదే రోజు డైటీషియన్ దగ్గరికి పంపాలి. నాన్నగారి ఫైలు నా దగ్గరే ఉంది. స్కాన్ రిపోర్టులు, రక్తపరీక్షలు దొంతరగా ఉన్నాయి. బరువు గడిలో మాత్రం ఒకే ఒక్క అంకె, ఆయన చేరిన రోజుది.

ఇట్లు,
ఒక పాఠకుడు