పేరు చెక్కిన బంగారాన్ని కరిగించకండి

సంపాదకులకు నమస్కారం.

మా నాయన చిత్తూరు బజారు వీధిలో నలభై ఏళ్లు బంగారు పని చేశారు. ఆయన పోయాక పనిపెట్టె సర్దుతుంటే అగ్గిపెట్టెలో, దూది మధ్య ఒక బంగారు పురుగు దొరికింది. ఒంటి మీద సన్నటి గీతలు, కళ్లకు రెండు ఎర్ర రాళ్లు, వెనకాల పిన్ను. భూతద్దం పెట్టి చూస్తే పిన్ను పక్కన ఇంగ్లీషు అక్షరాలు కనబడ్డాయి. సార్జెంట్ అని, ఆ తర్వాత ఒక తెల్లవాళ్ల పేరు. నాయన లెక్కల పుస్తకంలో దాని గురించి ఉన్నది ఒక్క ముక్క: "పురుగు పిన్ను. పది గురిగింజల ఎత్తు. పేరుంది, కరిగించవద్దు."

పలమనేరు దగ్గర పట్టుపురుగులు పెంచే నాయన స్నేహితుడు చూడగానే, "పట్టుపురుగు కదా పాపా ఇది! జ్వరంలో ఉన్న పురుగు ఇట్లే తలెత్తుకుని ఉంటుంది" అన్నారు. పురుగు పొర విడిచే ముందు మేత మానేసి కదలకుండా ఉండే దశను వాళ్లు జ్వరం అంటారు. ఆ మాట పట్టుకుని వెతికితే దారి దొరికింది. కూలిపోతున్న విమానంలోంచి పారాచూట్‌తో దూకి బతికినవాళ్లకు ఇర్విన్ పారాచూట్ కంపెనీ ఇచ్చిన గుర్తు ఇది. 1922లో మొదలైన ఈ బృందం పేరు కేటర్‌పిల్లర్ క్లబ్. అప్పట్లో పారాచూట్లు పట్టువి కాబట్టి పట్టుపురుగును గుర్తుగా పెట్టుకున్నారు. కావాలని దూకినవాళ్లకు దీన్ని ఇవ్వరు. ప్రాణం మీదికి వచ్చి దూకిన మనిషి ఆ సంగతి కంపెనీకి రాస్తే, పేరు చెక్కించి పంపేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఇలాంటివాళ్లు 30,000 మందికి పైనే ఉన్నారట. అంటే నా అరచేతిలో ఉన్నది, ఒక మనిషి చావు తప్పించుకున్న రోజు.

ఆయన ఎవరు? సర్వీసు నంబరు లేకపోవడమే చిక్కు. 1940 తర్వాత బ్రిటిష్ వైమానిక దళంలో విమానం ఎక్కి పోరాడే సిబ్బందికి కనీసం సార్జెంట్ హోదా ఇచ్చారు కాబట్టి, ఆ ఒక్క మాటతో ఏమీ తేలదు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో అదే పేరుతో ఎందరో ఉన్నారు, కానీ అక్కడ ఉండేది చనిపోయినవాళ్ల పేర్లే. చెన్నై నందంబాక్కంలోని యుద్ధ సమాధుల తోటకు కూడా వెళ్లి వచ్చాను. వైమానిక దళం గద్ద గుర్తున్న ప్రతి రాయి దగ్గరా ఆగి చదివాను. ఆ పేరు లేదు. నాకు సంతోషమే కలిగింది, ఇల్లు చేరి ఉంటాడేమో అని. బ్రిటన్ పాత సర్వీసు రికార్డులు 2022 నుంచి విడతలుగా అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరుతున్నాయి. అక్కడా అడగబోతున్నాను.

మరి చిత్తూరుకు ఎలా వచ్చింది? నాయన దగ్గరికి కుప్పం, వి.కోట వైపు నుంచి, కోలారు గనుల ఊరి నుంచి కూడా పాత బంగారం వచ్చేది. గనుల దగ్గర తెల్లవాళ్ల కుటుంబాలు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా కాలం ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఎవరో అవసరానికి కుదువ పెట్టి విడిపించుకోలేకపోయారేమో. ఇది నా ఊహ మాత్రమే.

సలహా కోసం ఒక ఆఫీసుకు వెళితే, "మనవాళ్లది కాదు కదమ్మా, ఎందుకు నీకీ టెన్షన్?" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. మనవాళ్లవి మాత్రం ఎక్కడ మిగులుతున్నాయి? ఆ యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. వాళ్లకిచ్చిన మెడల్స్ మీద నంబరు, పేరు కొట్టి ఉంటాయి. బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన వాటి మీద సాధారణంగా ఆ పేరు కూడా ఉండదు. తాత పేరు కొట్టిన మెడల్ పాత సామాన్ల తక్కెడలో కిలోల లెక్కన తూగడం నేను కళ్లారా చూశాను. కొన్నవాడు అంచు మీద ఏముందో తిప్పి కూడా చూడలేదు.

అందుకే అడుగుతున్నాను. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పాత బంగారం, వెండి, ఇత్తడి కొనేవాళ్లు పేరో నంబరో ఉన్న సైనికుల వస్తువు వస్తే, కరిగించే ముందు రెండు వైపులా ఫోటో తీసి పెట్టండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో ఆ వివరాలు రాసుకునే రిజిస్టర్ ఒకటి తెరిపించాలని కలెక్టర్లను కోరుతున్నాను. పెద్ద ఖర్చేమీ కాదు, ఒక పుస్తకం, ఒక ఫోన్ నంబరు చాలు. తెచ్చిచ్చినవాళ్లను "ఇది నీకెక్కడిది?" అని దొంగను అడిగినట్టు అడగకూడదు. అలా అడుగుతారనే భయంతోనే చాలామంది చెప్పకుండా కరిగించేస్తారని నాయన అనేవారు.

పిన్ను మీది పేరు ఇక్కడ రాయడం లేదు. దాని తాలూకు కుటుంబం ఎక్కడైనా ఉంటే, ఆ పేరు వాళ్ల నోటి నుంచి రావాలి. నా చిరునామా మీ కార్యాలయంలో ఉంది. కోలారు గనుల్లో పనిచేసిన పెద్దవాళ్లు ఎవరికైనా ఎర్ర కళ్ల పురుగు పిన్ను పెట్టుకున్న దొర గుర్తుంటే దయచేసి కబురు చేయండి. అప్పటిదాకా అది నాయన అగ్గిపెట్టెలోనే, అదే దూదిలో ఉంటుంది.

— ఒక పాఠకురాలు, చిత్తూరు