మా నాన్నగారికి వైద్యం చేసి నిలబెట్టిన వారందరికీ కృతజ్ఞతలు

మూత్రనాళంలో మొదలైన ఇన్ఫెక్షన్ సెప్సిస్‌గా (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితిగా) మారి, బీపీ పడిపోయి వెంటిలేటర్ మీదికి వెళ్లిన మా నాన్నగారు క్షేమంగా గాజువాకలోని ఇంటికి చేరుకున్నారు. విశాఖ పెద్దాసుపత్రి ఐసీయూ వైద్యులకు, నర్సులకు, కబురందగానే రక్తం ఇవ్వడానికి వచ్చిన ఉక్కునగరం మిత్రులకు మా కుటుంబం తరఫున నమస్కారాలు. అయితే నేను ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఆయన పేగుల విషయంలో వారు చూపిన శ్రద్ధ గురించి.

పడిపోయిన బీపీని నిలబెట్టే మందు మోతాదు తగ్గుముఖం పట్టగానే ముక్కు గొట్టం ద్వారా గంటకు 20 మిల్లీలీటర్ల ద్రవాహారం మొదలుపెట్టారు. స్పృహలేని మనిషికి ఆహారమేమిటని, లంఖణం పరమౌషధం కదా అని మా పెద్దలు అభ్యంతరపెడితే, రాత్రి డ్యూటీలో ఉన్న వైద్యురాలు విసుక్కోకుండా కూర్చుని వివరించారు. షాక్‌లో, అంటే బీపీ బాగా పడిపోయి అవయవాలకు రక్తం చాలనప్పుడు, శరీరం గుండెనూ మెదడునూ కాపాడుకోవడానికి పేగులకు వెళ్లే రక్తాన్ని తగ్గించుకుంటుందని, ఒకే వరుస కణాలతో ఉండే పేగు లోపలి పొర అప్పుడు దెబ్బతిని, కణాల మధ్య అతుకులు సడలితే, లోపలి క్రిములూ వాటి విషపదార్థాలూ కాలేయానికీ, శోషరస (లింఫ్) నాళాల గుండా ఊపిరితిత్తులకూ చేరే ప్రమాదముందని చెప్పారు. యాంటీబయాటిక్స్ మేలుచేసే బ్యాక్టీరియానూ తుడిచిపెడతాయి కనుక ఆ ఖాళీలో మందులకు లొంగని క్రిములు పెరుగుతాయట. పేగును అవయవ వైఫల్యాన్ని నడిపించే మోటారుగా 1980లలోనే పరిశోధకులు అభివర్ణించినా, మనుషుల్లో దాని వాటా ఎంతో ఇంకా తేలలేదని కూడా ఆమె దాచకుండా చెప్పారు. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది అక్కడే.

షాక్ తీవ్రంగా ఉండగా గొట్టం ద్వారా పూర్తి ఆహారం ఇస్తే పేగుకే ముప్పు రావచ్చని 2018లో ప్రచురితమైన ఫ్రాన్స్ అధ్యయనంలో కనిపించిందట. అందుకే రోజురోజుకూ కొద్దికొద్దిగా పెంచారు. మా బావగారు ప్రోబయాటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా) పొట్లాలు తెస్తే సున్నితంగా వద్దన్నారు. పక్కనున్న ఒడిశాలో ఆరోగ్యంగా పుట్టిన 4,500కు పైగా శిశువులపై జరిగి, 2017లో వెలువడిన అధ్యయనంలో అలాంటి బ్యాక్టీరియా సెప్సిస్‌ను తగ్గించిన మాట నిజమే కానీ, ఐసీయూలోని పెద్దవారికి దాన్ని వర్తింపజేయలేమని, అరుదుగా ఆ బ్యాక్టీరియాయే రక్తంలో చేరుతుందని వివరించారు.

ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో తెలిపే కల్చర్ రిపోర్టు రాగానే బలమైన మందులు ఆపి, సరిపడే ఒక్క యాంటీబయాటిక్‌కు మార్చడానికి తోడ్పడిన మైక్రోబయాలజీ ల్యాబ్ వారికి, పొట్ట ఉబ్బిందేమోనని గంటగంటకూ చూసిన నర్సులకు, విరేచనాలైనప్పుడు ముఖం చిట్లించకుండా శుభ్రం చేసిన ఆయాలకు మేము రుణపడి ఉన్నాము. మా దగ్గర మిగిలిన, సీలు విప్పని ద్రవాహారం డబ్బాలను వార్డు డైటీషియన్‌గారికి అప్పగించాము. అవసరమైన కుటుంబాలు ఆమెను అడిగి తీసుకోవచ్చు.