ఆ అర మీటరు

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో సిగ్నల్ పోయి మాట సగంలో తెగిపోయింది కదా, మిగతాదంతా ఇక్కడ రాస్తున్నా. టీ పెట్టుకుని కూర్చో, ఇది కాస్త పెద్దదే.

నా టామ్రాన్ 150-600 జూమ్ లెన్స్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. 2015లో ఇద్దరం వెళ్లి కొన్నదే. నేలపట్టు గూడబాతులు, పులికాట్ రాజహంసలు, రోళ్లపాడు కృష్ణజింకలు, అన్నీ దాంతోనే తీశా. ఇప్పుడు విజయవాడలో ఒకాయన అదే లెన్స్ రెండో తరానిది అమ్ముతున్నాడు. అదేరా, 2016లో వచ్చిన జీ2. 55 వేలు అడుగుతున్నాడు. నా పాతది 30 వేలకి పోయిందనుకున్నా, ఇంకో 25 వేలు జేబులోంచి తీయాలి. వారం రోజులుగా నిద్రపోయే ముందు ఇదే లెక్క.

ఆయన చాలా మంచివాడు. "రెండు రోజులు వాడి చూసుకోండి" అని లెన్స్ చేతిలో పెట్టి పంపించాడు. శనివారం ఇంకా చీకటి ఉండగానే రెండు లెన్సులూ బ్యాగులో వేసుకుని గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల చెరువుకి వెళ్లా. చెరువు మీద మంచు ఇంకా లేవలేదు. ఎదురుగా, పక్షుల కోసం పెట్టిన ఇనుప కొమ్మల మీద ఒక గూడు ఉంది. నా నికాన్ డీ7200 కెమెరాకి ఒకసారి పాతది, ఒకసారి కొత్తది తగిలిస్తూ ఆ ఒక్క గూడునే గంటసేపు తీశా.

అక్కడ ఏం చూశానో చెప్పాలి నీకు. గూడబాతు పిల్ల తల్లి నోట్లోకి మెడదాకా దూరిపోయి చేపలు లాక్కుంటోంది. తల్లి రెక్కలు సగం విప్పి, ఆ బరువుకి తూలిపోకుండా కొమ్మని గట్టిగా పట్టుకుని నిలబడింది. దాని ముక్కు కింద సంచి పల్చటి తోలు కదా, లోపల పిల్ల ముక్కు అటూ ఇటూ కదలడం బయటికి కనిపిస్తోంది. పిల్ల తల బయటికి తీసేసరికి నెత్తి మీది నూగంతా తడిసి అతుక్కుపోయి ఉంది. ఇన్నిసార్లు వెళ్లానా, అంత సేపు కదలకుండా ఒక్క గూడునే చూడటం ఇదే మొదటిసారి.

ఇంటికొచ్చి ఫొటోలు పెద్దవి చేసి చూశా. జూమ్ చివర 600 దగ్గర, వెలుగు వచ్చే రంధ్రం పూర్తిగా తెరిచి, అంటే ఎఫ్ 6.3లో, పాత లెన్స్‌తో తీసిన వాటిలో తల్లి కంటి చుట్టూ ఉన్న సన్నటి ఈకలు పిండి చల్లినట్టు కలిసిపోయాయి. ఆ రంధ్రం కాస్త మూసి ఎఫ్ 8కి తెస్తే విడివిడిగా కనిపించాయి. కొత్తది 6.3 దగ్గరే అంత పనీ చేసింది. ఎఫ్ 8లో మాత్రం రెండింటినీ పక్కపక్కన పెడితే ఏది ఏదో నేను చెప్పలేను. అంతేగా అనుకుంటావేమో. కానీ ఆ మంచులో 6.3 నుంచి 8కి వెళ్తే వెలుగు తగ్గుతుంది, దాన్ని పూడ్చడానికి కెమెరా సున్నితత్వం, అదే ఐఎస్ఓ, 1600 కాస్తా 2500 అవుతుంది. మన కెమెరాలో 2500 అంటే నీడ ఉన్న చోటల్లా ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. మనకి మంచి వెలుగు దొరికేదే పొద్దున ఆ గంట. తొమ్మిదిన్నర దాటాక నీళ్ల మీద గాలి వేడెక్కి అలలా ఊగుతుంటే, ఏ లెన్స్ పెట్టినా బొమ్మ మెత్తగానే వస్తుంది. ఇన్నాళ్లూ ఆ మెత్తదనాన్ని కూడా నా లెన్స్ మీదే తోశాను, అది దాని తప్పు కాదు.

ఎగిరే పక్షుల దగ్గర తేడా బాగా తెలిసింది. గూడబాతు దిగేటప్పుడు పాతది ఒకసారి వెనక చెట్ల మీదికి ఫోకస్ పోగొట్టుకుంటే తిరిగి రావడానికి టైమ్ పడుతుంది, ఈలోపు పక్షి నీళ్లలో ఉంటుంది. కొత్తది త్వరగా తేరుకుంది. వణుకు ఆపే వీసీ కూడా మెరుగే. కాకపోతే అది మన చేతి వణుకుని ఆపుతుంది గానీ పక్షి రెక్కల్ని ఆపదు కదా. దిగే పక్షికి షట్టర్ వేగం సెకనులో 1/1600 వంతు ఉండాల్సిందే. బరువంటావా, రెండూ ఇంచుమించు 2 కిలోలు, నా నడుముకి ఏ తేడా లేదు. జూమ్‌ని ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకోవచ్చు, అది హాయి. పాతది 150 దగ్గర తప్ప లాక్ అవ్వదు, కెమెరా కిందికి దించితే గొట్టం తనంతట తానే సాగిపోయేది, గుర్తుందా?

ఇంతవరకూ చూస్తే నేను వద్దనే అనుకున్నా. నిజం. పాతికవేలు పెట్టేంత లేదనిపించింది.

ఆదివారం పొద్దున మనసు మారింది. మా పెరటి గుమ్మం మెట్ల పక్కన మందార చెట్టు ఉంది కదా, దానికి రోజూ ఏడింటికి తేనెపిట్ట వస్తుంది. అమ్మకి అదంటే ప్రాణం. మోకాళ్ల నొప్పులతో తను ఉప్పలపాడు రాలేదు, వంటింట్లో స్టూలు వేసుకుని దాన్నే చూస్తూ కాఫీ తాగుతుంది. దాని ఫొటో ఒకటి తీసి పెట్టరా అని రెండేళ్ల నుంచి అడుగుతోంది. బయటికి అడుగు పెడితే పిట్ట తుర్రుమంటుంది, వంటింట్లోంచే తీయాలి. ఫ్రిజ్‌కి వీపు ఆనించి నిలబడితే పువ్వుకీ నాకూ రెండున్నర మీటర్లు. పాత లెన్స్‌కి 2.7 మీటర్లకన్నా దగ్గరైతే ఫోకస్ పడదు. ఆ జానెడు జాగా కోసం ఫ్రిజ్ జరుపుదామనుకున్నా, వెనక గోడే. జీ2 అయితే 2.2 మీటర్ల నుంచి ఫోకస్ అవుతుంది. తగిలించి నిలబడ్డా. పిట్ట వచ్చి, ముక్కు పువ్వు మొదట్లో గుచ్చి, తల తిప్పింది. మెడ మీద ఎండ పడి నలుపు కాస్తా ఊదాగా మెరిసింది. ముక్కు కొసన పసుపు పుప్పొడి అంటుకుని ఉంది. కెమెరా వెనక చూపిస్తే అమ్మ కళ్లజోడు తెచ్చుకుని మరీ చూసింది.

మొత్తం అమ్మేసి మిర్రర్‌లెస్‌కి, అదే లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాకి, వెళ్లిపో అన్నావు. నువ్వన్నది కాదనను, రేపెప్పుడైనా అటే వెళ్లాలి. కానీ బాడీ, లెన్స్ కలిపితే రెండు లక్షలు దాటుతుంది, జూన్‌లో పాప కాలేజీ ఫీజు కట్టాలి. డీ7200 ఇంకా గట్టిగానే ఉంది. దాంతో మూడు నాలుగేళ్లు తీస్తానంటే ఈ 25 వేలు నాకు బరువు కాదు. పాత లెన్స్‌ని మా వీధి చివర డిగ్రీ చదివే కుర్రాడు అడుగుతున్నాడు, పక్షులంటే పిచ్చి వాడికి. ఇంకో రెండు వేలు తగ్గించైనా వాడికే ఇస్తా.

ఒక్కటే టెన్షన్. మన వైపు ఉక్కపోతకి లెన్సుల్లో ఫంగస్ పడుతుంది. వెనక నుంచి టార్చి వేసి చూస్తే సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తాయి, కానీ నా కంటికన్నా నీ కన్ను నయం. నువ్వు పండక్కి వస్తున్నావు కదా, భోగి ముందు రోజు విజయవాడలో దిగు, ఇద్దరం కలిసి వెళ్లి చూద్దాం. లెన్స్ సెట్టింగులు మార్చుకునే ట్యాప్-ఇన్ కన్సోల్ కూడా ఆయన దగ్గర ఉందట, దాన్ని కలిపి ఇమ్మని నువ్వు అడుగు, నాకు బేరం రాదు. మంచి టార్చి ఒకటి తెచ్చుకో, నా ఫోన్ లైట్ చాలదు. అమ్మ నీకోసం అరిసెలు తీసి పెడుతుందట.

ఉంటా మరి,
నీ బావ