మీటింగు అడ్రసు కూడా వెయ్యండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో ఎక్కడ కరెంటు తీస్తారో, ఏ గుళ్లో అన్నదానమో, ఎవరి పెద్దకర్మ ఎప్పుడో రోజూ వేస్తారు. వాటి పక్కనే రెండు లైన్ల చోటు అడుగుదామని ఈ ఉత్తరం. తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చుని మాట్లాడుకునే మీటింగు ఏ ఊళ్లో, ఏ వారం, ఎన్ని గంటలకో వెయ్యండి, అంతే.

మాది కావలి దగ్గర పల్లె. మా తమ్ముడికి 36 ఏళ్లు, అందులో 14 ఏళ్లు తాగుడికే పోయాయి. ఒట్లు వేయించాం, తాయెత్తు కట్టించాం, గోడల మీద రాసుంటుందే 'తెలియకుండా అన్నంలో కలపండి' అని, ఆ పొడి కూడా తెచ్చి మా మరదలు పప్పులో కలిపింది (విరేచనాలయ్యాయి, తాగుడు అట్టాగే ఉంది). పోయినేడు అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేస్తే మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి పడిపోయాడు. దీక్షలో ఏదో తప్పు జరిగిందని ఇంట్లో ఏడుపులు. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒంటికి ఉన్నట్టుండి మందు ఆపేస్తే అట్టా తిరగబడుతుందని, ఫిట్స్ రావచ్చు, లేనివి కనపడొచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చని, అందుకే అట్టాంటివాళ్లని డాక్టరు చూస్తుండగానే మాన్పించాలని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెబితే గానీ మాకు తెలియలేదు. ఆవిడే ఇంకో మాట కూడా చెప్పింది. "వణుకు, ఫిట్స్ నేను చూసుకుంటానమ్మా, కానీ రేపు షాపు ముందు కాళ్లు ఆగినప్పుడు పక్కన నేనుండను కదా, ఏఏ మీటింగు ఎక్కడుందో కనుక్కోండి" అంది. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం.

కనుక్కోడానికి నాలుగు నెలలు పట్టింది. ఫోన్లో దొరికిన ఒక నంబరు స్విచాఫ్. ఇంకోదానికి చేస్తే అది మీటింగే కాదు, 90 రోజులు లోపల పెడతాం, ముందు అడ్వాన్సు కట్టండి అన్నారు. మూడోసారి అడ్రసు దొరికిందని నెల్లూరు దాకా బస్సులో పోయి వెతికితే కింద జెరాక్స్ షాపతను "వాళ్లు ఖాళీ చేసి రెండేళ్లైందమ్మా" అన్నాడు. ఆ రోజు తిరిగొస్తూ తమ్ముడు కావలి బస్టాండులో ఇప్పుడే వస్తానని పోయి, ఏ అర్ధరాత్రికో ఇల్లు చేరాడు, ఎట్టా చేరాడో మీకు చెప్పక్కర్లేదు. వాడంతట వాడు "పద అక్కా పోదాం" అనే రోజులు ఏడాదికి రెండో మూడో ఉంటాయి సార్. ఆ రోజు తలుపు దొరక్కపోతే మళ్లీ ఆర్నెల్లే.

చివరికి ఆసుపత్రి బయట టీ అమ్మే ఆయన చెప్పాడు. ఆదివారం సాయంత్రం, ఒక బడి గది, చిన్నపిల్లల బెంచీలు. ఇంటివాళ్లు కూడా రావచ్చన్న మీటింగు కాబట్టి నేనూ వెనక కూర్చున్నాను. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, మానాలన్న కోరిక ఉంటే చాలన్నారు. 1935లో అమెరికాలో తాగుడుతో చితికిపోయిన ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు ఒకరికొకరు తోడై మొదలుపెట్టారట. తాగినవాడి మాట తాగినవాడికే ఎక్కుతుందన్నది వాళ్ల నమ్మకం, నాకూ అది నిజమే అనిపించింది, ఎందుకంటే మేం ఇన్నేళ్లు చెప్పిన మాటే అక్కడ ఒక మెకానిక్ చెబుతుంటే మా వాడు తలెత్తి విన్నాడు. మధ్యలో టీ. ఒక పెద్దాయన అందరికీ నిండుగా పోసి మా వాడికి మాత్రం సగం గ్లాసే ఇచ్చాడు. నాకు చివుక్కుమంది. తర్వాత చూస్తే, రెండు చేతులతో పట్టుకున్నా ఆ సగం గ్లాసు కూడా వణుకుతోంది. అది తాగాక ఆయనే వచ్చి మిగతా సగం పోసి పోయాడు, ఒక్క మాట అనలేదు.

పేర్లు బయటపెట్టని సంఘం గదా, పేపర్లో ఎట్టా వేస్తాం అంటారేమో. ఆ నియమం మనుషులకు, గదికి కాదు. కానీ ముందు వాళ్లని అడిగే వెయ్యండి, నెలకోసారి మీ విలేకరి ఫోన్ చేసి ఇంకా అక్కడే జరుగుతోందా అని కనుక్కోవాలి కూడా, పాత అడ్రసు వేస్తే మాకు జరిగిందే ఇంకొకరికి జరుగుతుంది.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన జిల్లా ఇది, మరుసటేడు రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చిందంటే వాళ్ల చలవే. 1995లో మద్యనిషేధం కూడా వచ్చింది, రెండేళ్లకే పోయింది. నేను ఇప్పుడు నిషేధం అడగడం లేదు, ఆ గొడవ తేల్చేవాళ్లు వేరే ఉన్నారు. కానీ 99 రూపాయల క్వార్టర్ సంగతి మా ఊళ్లో పిల్లాడికి కూడా తెలుసు, తాగుడు మానడానికి సాయం అడిగే 14446 టోల్‌ఫ్రీ నంబరు మా ఎనిమిదిమంది బంధువుల్లో ఒక్కరికీ తెలియదు, అడిగి చూశాను. ఆ నంబరూ వెయ్యండి. ప్రతి వైన్ షాపు ముందు, ప్రతి ఆసుపత్రి ఓపీ దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టమని కలెక్టరు గారికి కూడా రాస్తున్నాను.

తమ్ముడు ఇప్పటికి ఏడు ఆదివారాలు పోయాడు, రెండు ఎగ్గొట్టాడు, ఒకసారి తాగాడు కూడా. వచ్చే వారం నుంచి మీటింగు వేరే గదికి మారుస్తున్నారట. కొత్తగా వచ్చేవాళ్ల కోసం బడి గేటుకి కాగితం అంటిస్తామన్నారు, గాలికి ఎన్ని రోజులుంటుందో.

— ఒక అక్క, కావలి