నా కథలను ప్రశ్నార్థకాలు చేసిన హోస్టింగ్ కంపెనీ వారికి

అయ్యా, అమ్మా, లేదంటే చాట్‌లో ముందుగా పలకరించే రోబో, ఎవరు చదివితే వారికి,

హనుమకొండలో ఉంటాను, కథలు రాస్తాను. ఆరేళ్లుగా నా సైట్ మీ దగ్గరే ఉంది. ఆగస్టులో మీరు సర్వర్ మార్చారు, తెల్లారి చూస్తే 22 కథలూ ప్రశ్నార్థకాలే, పేజీల నిండా. ఇంగ్లీషులో ఉన్న నా పేరు మాత్రం చెక్కుచెదరలేదు. సరే, యంత్రాలన్నాక తప్పులు జరుగుతాయి, అందుకు కాదు ఈ ఉత్తరం.

మొదటిరోజు చాట్‌లో నలభై నిమిషాలు కూర్చోబెట్టి బ్రౌజర్ క్లియర్ చేయమన్నారు, వేరే ఫోన్‌లో చూడమన్నారు. పక్కింటి పిల్లాడి ఫోన్ అడుక్కుని చూశాను, అందులోనూ అవే. మర్నాడు ఒకాయన "సైట్ ఓపెన్ అవుతోంది కదా మేడమ్, మరి ప్రాబ్లమ్ ఏంటి?" అన్నాడు. తలుపు తెరుచుకుంటోంది బాబూ, లోపల సామానే లేదు అంటే, లైన్లో ఉండమని పాట పెట్టి వెళ్లిపోయాడు. మూడోరోజు అమ్మాయి ఇంకో మెట్టు ఎక్కింది: "టైప్ చేసేటప్పుడు మీరే అలా పెట్టారేమో చూసుకోండి." ఇరవై రెండు కథలు ప్రశ్నార్థకాలతోనే రాశానట! సాయంత్రానికి నా ఫిర్యాదు టికెట్ "పరిష్కరించబడింది" అని మూసేశారు. మళ్లీ రాస్తే కొత్త నంబరిచ్చి మొదటి నుంచి చెప్పమన్నారు. కథలు చెప్పడం నా పనే, కానీ ఒకే కథ ఎన్నిసార్లని? ఈ మధ్యలో మీ సేల్స్ వాళ్ల ఫోన్, రచయితల కోసం ప్రీమియం ప్లాన్ ఉందట, ఆన్‌లైన్‌లో నాకు గుర్తింపు పెరుగుతుందట. రెన్యువల్ బిల్లు కూడా వచ్చింది, దాంట్లో ఒక్క అంకె చెడలేదు.

అను అనే పాత తెలుగు ఫాంట్‌లో ఉన్న పాత కథలను, ఏ ఫోన్‌లోనైనా కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, విరిగిన వత్తులు ఒక్కొక్కటే సరిచేసుకుంటూ ఒక ఎండాకాలమంతా కూర్చున్నాను. పుస్తకం వెనక అట్ట మీద ఈ సైట్ క్యూఆర్ కోడే వేయించాను. మొన్న కాకతీయ యూనివర్సిటీ పిల్ల ఒకామె స్కాన్ చేసి "మేడమ్, ఇది ప్రయోగాత్మక కథా?" అని అడిగింది. ఏం చెప్పను? పరకాల నుంచి, కరీంనగర్ నుంచి నలుగురు రచయితలను మీ దగ్గరికి పంపింది కూడా నేనే, ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో.

ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను కంప్యూటర్ దాచుకునే పద్ధతి, చూసుకోకుండా డేటాబేస్ మారిస్తే ఇట్లా అవుతుందట, ప్రశ్నార్థకాలైపోయాక వాటిని మళ్లీ అక్షరాలు చేయలేరట, మార్చకముందు తీసిన బ్యాకప్ నుంచే తేవాలట. ఇది మా మేనల్లుడు చెప్పాడు, మీలో ఒక్కరికీ నోరు రాలేదు. ఆ బ్యాకప్ తీసి పెట్టండి. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతి, మన తెలంగాణ భాషా దినోత్సవం, ఆరోజు సభలో నా సైట్ చూపిస్తానని చెప్పి ఉన్నాను. అప్పటికీ ఇట్లాగే ఉంటే మీ కంపెనీ పేరుతో సహా అదే చూపిస్తాను. డొమైన్ వేరేచోటికి తీసుకుపోతాను, ట్రాన్స్‌ఫర్ కోడ్ అడిగిన ఐదు రోజుల్లో ఇవ్వాలన్న, డొమైన్ పేర్ల వ్యవహారాలు చూసే ఐకాన్ (ICANN) సంస్థ నిబంధన నాకూ తెలుసు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఫోన్‌లో సేవ్ చేసుకున్నాను.

ఇట్లు,
మీ ఆరేళ్ల కస్టమర్

(దీనికి మళ్లీ కొత్త టికెట్ నంబరు ఇవ్వకండి, ఇప్పటికే మూడున్నాయి.)