52 నిమిషాల బిల్డ్ 14కి దిగింది, మధ్యలో మీకు తప్పు రిపోర్ట్ వెళ్లింది

మా స్టాక్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న అందరికీ నమస్కారం.

పోయిన నెల 4.2 అప్‌డేట్ వేసుకున్నాక రిపోర్ట్‌లో నిల్వ ఉండాల్సిన గడిలో రీఆర్డర్ సంఖ్య కనిపిస్తోందని మీలో కొంతమంది ఫోన్ చేశారు, కొంతమంది స్క్రీన్‌షాట్లు పంపారు. ఆ తప్పు మాదే. మూడు రోజుల్లో 4.2.1 ఇచ్చి సరిచేశాం, కానీ అసలేం జరిగిందో అప్పుడు చెప్పకుండా "చిన్న సాంకేతిక లోపం" అని ఒక్క ముక్కలో తేల్చేశాం. అది అప్పటి నుంచీ నాకు మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ముందుగా ఒక మాట: డేటాబేస్‌లో మీ లెక్కలు ఏవీ చెడిపోలేదు, తప్పంతా చూపించడంలోనే. 4.2.1 వేసుకుని అదే రిపోర్ట్ మళ్లీ తీస్తే సరైన అంకెలే వస్తాయి. 4.2తో ప్రింట్ తీసి ఎవరికైనా ఇచ్చి ఉంటే మాత్రం దయచేసి మళ్లీ తీసి ఇవ్వండి.

ఇదంతా మొదలైంది మీరు చాలాకాలంగా అడుగుతున్న ఒక ప్రశ్నతో. బగ్ చెప్పిన తర్వాత సరిచేసిన వెర్షన్ రావడానికి అన్ని రోజులు ఎందుకు? న్యాయమైన ప్రశ్న. కోడ్‌లో మార్పు ఒక్కోసారి రెండు లైన్లే ఉంటుంది. కానీ ఆ రెండు లైన్లు మార్చాక మేం నాలుగు వెర్షన్లు తయారు చేయాలి: 64 బిట్ విండోస్, పాత 32 బిట్ విండోస్, లినక్స్ సర్వర్, చేత్తో పట్టుకుని స్కాన్ చేసే, ఏఆర్‌ఎమ్ రకం చిప్ ఉన్న పరికరాలకి ఒకటి. నాలుగూ ఒకే లినక్స్ మెషీన్ మీద కంపైల్ అవుతాయి, అంటే మేం రాసిన కోడ్ కంప్యూటర్ నడపగల రూపంలోకి మారుతుంది, అదీ ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కో ఫైలూ వరసలో. ఈ తయారీ అంతటినీ బిల్డ్ అంటాం, మొత్తం 52 నిమిషాలు. టెస్టింగ్‌లో ఇంకో తప్పు దొరికితే మళ్లీ ఇంకో 52. ఆ మెషీన్ ప్రాసెసర్‌లో 8 కోర్లు, అంటే ఒకేసారి విడివిడిగా పనిచేయగల భాగాలు, ఉన్నాయి, ఒకటి పనిచేస్తుంటే మిగతా ఏడూ ఖాళీగా ఉండేవి, పని ఎలాగో జరుగుతోంది కదా అని ఏళ్ల తరబడి అలాగే నడిపేశాం.

మేం వాడేది మేక్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ప్రోగ్రామ్ అది, మా దగ్గర ఉన్నది గ్నూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ వాళ్ల వెర్షన్. ఏ ఫైల్‌కి ఏ ఫైల్ కావాలో మేక్‌ఫైల్ అనే ఫైల్‌లో మనం రాసిపెడితే ఆ క్రమంలో కంపైల్ చేస్తుంది. మైనస్ జె అనే ఆప్షన్ పక్కన 8 అని వేస్తే, ఒకదానితో ఒకటి సంబంధం లేని పనుల్ని ఎనిమిదేసి చొప్పున ఒకేసారి నడుపుతుంది. ఒక్క అక్షరం, ఒక్క అంకె, అంతే కదా అనుకుని ఒక శుక్రవారం సాయంత్రం పెట్టేశాం.

మొదటి దెబ్బ ర్యామ్ మీద పడింది. నాలుగు వెర్షన్లూ కలిసి నడవాలని మా స్క్రిప్ట్ నాలుగు మేక్‌లని విడివిడిగా మొదలుపెట్టేది, ఒక్కోదానికి మైనస్ జె 8. అంటే ఒకేసారి 32 కంపైలర్లు. టెంప్లేట్లు (ఒకే కోడ్‌ని రకరకాల డేటాకి వాడుకునే అచ్చులు) ఎక్కువున్న సి ప్లస్ ప్లస్ భాష ఫైల్ ఒక్కటే కంపైల్ అయ్యేటప్పుడు ఒక జీబీ పైన తినేస్తుంది, మా దగ్గర మొత్తం ఉన్నది 32 జీబీ. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ మెమరీ చాలక, ఊపిరాడక కంపైలర్లని ఒక్కొక్కటిగా చంపేసింది, స్క్రీన్ మీద "కిల్డ్" అని తప్ప ఇంకేం లేదు. మా కోడ్‌లోనే తప్పుందేమోనని ఒక రోజంతా వెతికాం, టెన్షన్ తప్ప ఏమీ దొరకలేదు.

దీనికి మేక్‌లోనే జాబ్‌సర్వర్ అనే ఏర్పాటు ఉంది. పైన ఉన్న మేక్ దగ్గర కొన్ని టోకెన్లుంటాయి, కింద నడిచే మేక్‌లు టోకెన్ దొరికితేనే ఇంకో కంపైలర్‌ని మొదలుపెడతాయి, పని కాగానే తిరిగి ఇచ్చేస్తాయి. ఎన్ని వెర్షన్లు నడిచినా మొత్తం ఎనిమిది దాటదు. కాకపోతే కింది మేక్‌ని మేక్ అనే వేరియబుల్ ద్వారానే పిలవాలి, మేం చేసినట్టు విడిగా మొదలుపెడితే ఎవరి లెక్క వాళ్లదే అవుతుంది. అది మార్చాం. చివర్లో అన్నిటినీ కలిపే లింకింగ్ కంపైల్ కన్నా ఎక్కువ మెమరీ అడుగుతుంది కాబట్టి దానికి ఫ్లాక్ అనే లినక్స్ టూల్‌తో తాళం వేశాం, ఒకసారికి ఒక్క లింకే నడుస్తుంది.

ఇక రిపోర్ట్ తప్పు దగ్గరికి వస్తాను.

సర్వర్‌కీ స్కానర్‌కీ మధ్య వెళ్లే రికార్డ్‌లో ఏ ఫీల్డ్ తర్వాత ఏ ఫీల్డ్ ఉండాలో ఒక ఫైల్‌లో రాసుకుంటాం, దాన్నుంచి జనరేటర్ అనే మా ప్రోగ్రామ్ ఒకటి ఆ వరసని మిగతా కోడ్‌కి చెప్పే హెడర్ ఫైల్ తయారు చేస్తుంది, ప్రోగ్రామ్‌లోని భాగాలన్నీ ఆ హెడర్ చూసే కంపైల్ అవుతాయి. 4.2లో మీరు అడిగిన బ్యాచ్ నంబర్ కోసం మధ్యలో కొత్త ఫీల్డ్ చేర్చాం. రిపోర్ట్ భాగానికి ఆ హెడర్ కావాలని మేక్‌ఫైల్‌లో మేం ఎప్పుడూ రాయలేదు. పనులు వరసలో జరిగినన్నాళ్లూ జనరేటర్ లిస్ట్‌లో ముందుండేది, ముందే నడిచేది, రాయకపోయినా సరిపోయేది. పారలల్‌గా నడిపేసరికి జనరేటర్ ఇంకా పని ముగించకముందే రిపోర్ట్ ఫైల్ కంపైల్ మొదలైపోయి, ఫోల్డర్‌లో మిగిలి ఉన్న పాత హెడర్‌ని తీసుకుంది.

ఆ పాత హెడర్ అక్కడ ఎందుకుంది అంటే, అది మా రెండో తప్పు. అంతకుముందు ప్రతి రిలీజ్‌కీ ఫోల్డర్ పూర్తిగా తుడిచి మొదలుపెట్టేవాళ్లం. స్పీడ్ మోజులో పడి ఆ పని మానేశాం. తుడిచి ఉంటే హెడర్ దొరకలేదని కంపైలర్ అక్కడే ఆగిపోయేది, మాకు వెంటనే తెలిసేది, మీ దాకా వచ్చేదే కాదు. తుడవకపోవడంతో ప్రోగ్రామ్‌లో ఒక భాగం కొత్త అమరికతో, ఇంకో భాగం పాత అమరికతో కంపైలై, రెండూ కలిసి ఎర్రర్ లేకుండా లింక్ అయిపోయాయి. లింకర్ పేర్లు కలిశాయా లేదా అనే చూస్తుంది, లోపల ఫీల్డ్‌ల వరస మారిందో లేదో దానికి తెలియదు. కొత్త ఫీల్డ్ వల్ల ఒక్కో అంకె ఒక గడి జరిగింది. మీరు చూసింది అదే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయినా, ఈసారి గట్టిగానే పట్టుకున్నాం. రిలీజ్ బిల్డ్ ఎప్పుడూ ఖాళీ ఫోల్డర్‌లోనే, ఎంత అర్జెంట్ అయినా సరే. ఏ ఫైల్‌కి ఏ హెడర్ కావాలో చేత్తో రాయడం మానేశాం, కంపైలరే ఆ లిస్ట్ రాసిస్తుంది, జనరేటర్ తయారు చేసే హెడర్‌లు మాత్రం మొదటిసారికి ఇంకా ఉండవు కాబట్టి వాటిని విడిగా చెప్పాం. ఆ జనరేటర్‌లోనే ఇంకో ప్రమాదం కూడా బయటపడింది: అది ఒక్కసారి నడిచి రెండు ఫైళ్లు ఇస్తుంది, పాత పద్ధతిలో రాస్తే పారలల్‌గా నడిచేటప్పుడు మేక్ దాన్ని రెండు వేర్వేరు పనులుగా చూసి ఒకేసారి రెండుసార్లు నడపగలదు, ఒకటి రాస్తున్న ఫైల్ మీదే ఇంకోటి రాస్తుంది. 2020లో వచ్చిన గ్నూ మేక్ 4.3లో రెండూ ఒకే పనిలో పుడతాయని చెప్పే వీలుంది, దానికి మారాం.

నాకు అన్నిటికన్నా ధైర్యం ఇచ్చింది షఫుల్ ఆప్షన్. 2022లో వచ్చిన గ్నూ మేక్ 4.4లో ఉంది. పనుల వరసని కావాలనే కలగాపులగం చేసి నడుపుతుంది. మనం రాయడం మర్చిపోయిన సంబంధం ఎక్కడైనా ఉంటే ఏదో ఒక వరసలో బిల్డ్ ఆగిపోయే అవకాశం బాగా పెరుగుతుంది. ఇప్పుడు ప్రతి రాత్రీ అలా ఒక బిల్డ్ నడుస్తోంది, మొదటి వారంలోనే ఇలాంటివి ఇంకో నాలుగు దొరికాయి. అవి కూడా ఏదో ఒక రోజు మీ దగ్గరికి వచ్చేవే కదా అనుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. అది కాక లినక్స్, ఏఆర్‌ఎమ్ వెర్షన్లని ఒక్క కోర్‌తో ఒకసారి, ఎనిమిదితో ఒకసారి కట్టి బైట్ తేడా లేకుండా ఒకేలా ఉన్నాయో లేదో పోల్చి చూస్తున్నాం. విండోస్ వెర్షన్లలో బిల్డ్ టైమ్ లోపలికి వెళ్లిపోతోంది కాబట్టి అవి ఇంకా ఒకేలా రావడం లేదు, ఆ పని నడుస్తోంది.

టైమ్ ఇంకా తగ్గుతుందా అని అడుగుతారేమో. 52 నిమిషాల్లో జనరేటర్, ఇన్‌స్టాలర్ ప్యాకింగ్, డిజిటల్ సంతకం చేయడం కలిపి 6 నిమిషాలు వరసలో జరగాల్సినవే. మిగతా 46ని ఎనిమిదికి సమానంగా పంచితే దాదాపు 6, అంటే మొత్తం 12 రావాలి. లింక్‌లు ఒక్కొక్కటే నడుస్తాయి కాబట్టి మాకు 14 వస్తోంది. వెయ్యి కోర్లు కొన్నా ఆ 6 నిమిషాలు అలాగే ఉంటాయి, కంప్యూటర్ ఇంజినీర్ జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన లెక్క ఇదే. కాబట్టి కొత్త మెషీన్ కొనడం లేదు. ప్యాకింగ్ కూడా నాలుగు వెర్షన్లకి ఒకేసారి చేయొచ్చేమో చూస్తున్నాం.

మీకు దీనివల్ల ఏం మారుతుందంటే, ఉదయం చెప్పిన చిన్న బగ్‌కి అదే రోజు టెస్ట్ వెర్షన్ ఇవ్వగలం. టెస్టింగ్ మాత్రం తగ్గించడం లేదు, స్కానర్లు చేతిలో పట్టుకుని మనిషే చూడాలి, దానికి పట్టే టైమ్ పడుతుంది. 32 బిట్ విండోస్ వెర్షన్ ఆపేద్దామని అనుకున్నాం, దానికే 11 నిమిషాలు పట్టేది మరి. ఇప్పుడు ఆ అవసరం లేదు, పాత మెషీన్లున్నవాళ్లు కంగారు పడకండి, కొనసాగిస్తున్నాం.

4.2 ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే ఈరోజే 4.2.1కి మారండి. హెల్ప్ మెనూలో వెర్షన్ కనిపిస్తుంది. తప్పు రిపోర్ట్ చూసి ఆర్డర్ పెట్టేసినవాళ్లు ఉంటే నాకు నేరుగా చెప్పండి, ఆ తేదీల రిపోర్టులన్నీ కూర్చుని మీతో పాటు సరిచూస్తాను.